ఉగాదికి ముందే డాబా పని
(ప్రసంగ పాఠం)



బెంగళూరు గృహస్థుడు తన ఇంటి పైకప్పును తలచుకునే రోజు సాధారణంగా ఒక్కటే. అది పెద్ద వాన కురిసిన మరునాటి ఉదయం. రాత్రంతా ఉరుములు, మెరుపులు. తెల్లవారి చూస్తే పడకగది పైకప్పు మూల అరచేయంత గోధుమరంగు మరక. వెంటనే అంగడికి పరుగు. అక్కడ చూపించిన డబ్బాలలో ఒకటి కొని, వాన తెరపి ఇచ్చిన పూట, ఇంకా తడి ఆరని స్లాబు మీద అందులోని మందును పూయించడం. ఆ ఏటికి మనసు కుదుటపడుతుంది. మరుసటి వానకాలానికి పూత పెచ్చులుగా లేస్తుంది, అరచేయంత మరక చాపంత అవుతుంది. అప్పుడు నింద డబ్బా మీదికి పోతుంది. చాలాసార్లు తప్పు డబ్బాది కాదు. పని జరిగిన కాలానిది, పని చేసిన క్రమానిది.

ఆరుబయట ఉండే కాంక్రీటును నీటి నుంచి కాపాడడంలో లేపనం చివరి మెట్టు. దానికి ముందు నాలుగు మెట్లున్నాయి. నీరు పోయే దారిని సరిచేయడం, లోపలి ఇనుముకు తుప్పు పట్టినదేమో పరీక్షించడం, పగుళ్లను మూయడం, స్లాబును పూర్తిగా ఆరనివ్వడం. ఈ నాలుగూ ఎండ కాసే నెలలలోనే సాధ్యమవుతాయి. ఈ ప్రసంగం చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

మొదట శత్రువు ఎవరో తెలియాలి. కాంక్రీటు రక్షణకు అమ్మే మందుల డబ్బాల మీద మంచు నుంచి, గడ్డకట్టే చలి నుంచి కాపాడుతుందన్న మాటలు కొన్నిటి మీద కనిపిస్తాయి. ఆ గుణం లేహ్, కేలాంగ్, సిమ్లా వంటి కొండ ఊళ్లకు ఎంతో అవసరం. నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. కాంక్రీటు రంధ్రాలలో ఇంకిన నీరు రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, మళ్లీ రాత్రి గడ్డకడితే లోపలి నుంచి ఒత్తిడి పుట్టి పైపొర రేకులుగా ఊడుతుంది. ఈ బెడదకు 1930ల దశకంలో అమెరికాలో ఒక ఉపాయం వెలుగులోకి వచ్చింది. కలిపేటప్పుడే కాంక్రీటులో కంటికి కనబడనంత చిన్న గాలి బుడగలను పుట్టిస్తే, గడ్డకట్టే నీటికి వ్యాపించే చోటు దొరుకుతుంది. శీతల దేశాలలో రోడ్లకు, వంతెనలకు నేటికీ ఇదే రక్షణ.

తెలుగువారికి తెలిసిన కొండలలో లంబసింగి వంటి చోట చలికాలపు వేకువలో ఉష్ణోగ్రత సున్నాకు చేరువవుతుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నా ఇక్కడ గడ్డకట్టే చలి లేదు. నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1884 జనవరిలోని 7.8 డిగ్రీలు. అతి ఎక్కువ ఉష్ణోగ్రత 2016 ఏప్రిల్‌లోని 39.2 డిగ్రీలు. అందుచేత ఈ నగరపు డాబాకు శత్రువు మంచు కాదు. తీవ్రమైన ఎండ, దాని వెంటనే కురిసే వాన, ఈ రెండూ మార్చి మార్చి రావడమే ఇక్కడి కష్టం. కొండల మీది మందు ఇక్కడ వ్యర్థమని దీని అర్థం కాదు. ఎండకు పెళుసెక్కకుండా సాగడం, లోపలి ఆవిరిని బయటికి పోనివ్వడం అనే రెండు గుణాలు ఇక్కడ ముందుగా చూడాలి.

ఇక కాంక్రీటు స్వభావం. గట్టిపడిన తర్వాత అది రాయిలా కనబడుతుంది గాని, రాయి కాదు. సిమెంటు గట్టిపడడానికి కొంత నీరు కావాలి. అంతకు మించి పోసిన నీరు క్రమంగా ఆవిరై, తాను ఉన్న చోట సన్నని వెంట్రుకల వంటి దారులను విడిచిపోతుంది. వాన నీరు ఆ దారులలోనే ఇంకుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మధ్యస్థమైన వాతావరణ ప్రభావానికి లోనయ్యే ఉక్కు కాంక్రీటులో నీటి బరువు సిమెంటు బరువులో సగానికి మించరాదు. అంటే 50 కిలోల బస్తాకు 25 లీటర్లు, ఇసుకలోని తడితో కలిపి. తరచూ తడిసి ఆరే చోట్లకు ప్రమాణం ఇంకా కఠినంగా ఉన్నది. పని సులువుగా సాగడానికి మేస్త్రీ మరో బకెట్టు నీరు పోయమన్నప్పుడు, ఆ ఇంటి పైకప్పులో భవిష్యత్తు చెమ్మకు దారులు పడుతున్నట్లే. పలుచని కాంక్రీటు సులభంగా పరుచుకుంటుంది, అంతే సులభంగా నీటిని పీల్చుకుంటుంది.

రెండవ లోపం నీళ్లు కట్టడంలో జరుగుతుంది. స్లాబు వేసిన తర్వాత అదే ప్రమాణం సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, వేడి పొడి వాతావరణంలో కనీసం 10 రోజులు తడి ఆరకుండా ఉంచమంటున్నది. బూడిద కలిసిన సిమెంటులకు ఇంకా ఎక్కువ రోజులు కావాలి. నేడు అంగళ్లలో దొరికే బస్తాలలో ఎక్కువ భాగం ఈ రెండవ రకమే. నీటి ట్యాంకరుకు డబ్బు పోసే నగరంలో ఈ తడి మీదనే మొదటి పొదుపు జరుగుతుంది. మూడు రోజుల తడితో సరిపెట్టిన స్లాబు పైపొర పిండిలా ఉంటుంది. దాని మీద ఎంత ఖరీదైన లేపనం పూసినా అది పిండికి అంటుకుంటుందే గాని కాంక్రీటుకు అంటుకోదు.

ఎండ చేసే పని మరొకటి. కాంక్రీటు వేడికి వ్యాకోచిస్తుంది. ఒక డిగ్రీ వేడికి మీటరు పొడవున మిల్లీమీటరులో నూరవ వంతు చొప్పున పెరుగుతుంది. వినడానికి స్వల్పమే. కాని ఏప్రిల్ మధ్యాహ్నం డాబా మీద కాలు పెట్టలేనంత కాగిన స్లాబు, సాయంత్రం వడగళ్ల వానలో ఒక్కసారిగా చల్లబడుతుంది. తేడా 30 డిగ్రీలైతే పది మీటర్ల పొడవున మూడు మిల్లీమీటర్ల కదలిక. ఆ కదలికకు చోటు లేనప్పుడు కాంక్రీటు తానే చోటు చేసుకుంటుంది. స్లాబూ పిట్టగోడా కలిసే మూలలో, నీటి గొట్టం చుట్టూ, ట్యాంకు దిమ్మెల అడుగున వెంట్రుకవాసి బీటలు పడేది ఇందువల్లనే. చెమ్మ ఫిర్యాదులలో స్లాబు నడిమి భాగం కంటే ఈ సంధులే ఎక్కువగా దోషులు.

ఇంతవరకు చెప్పినది మరకల సంగతి. అసలు ప్రమాదం ఇనుముకు సంబంధించినది. కొత్త కాంక్రీటుకు క్షారగుణం ఎక్కువ. ఆ క్షారంలో ఉన్నంతకాలం ఇనుప కడ్డీ మీద ఒక సన్నని రక్షణ పొర నిలిచి తుప్పును రానివ్వదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి కాంక్రీటులోకి చొచ్చుకుపోతూ ఆ క్షారాన్ని చంపుతూ వస్తుంది. అది కడ్డీని చేరిన నాడు రక్షణ పొర పోతుంది. నీరు తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటును ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కడ్డీ కింది కాంక్రీటు పొర విడిపోయి, ఒకనాడు పెచ్చుగా కింద పడుతుంది. కింద ఊయల ఉండవచ్చు, వృద్ధుల మంచం ఉండవచ్చు.

కడ్డీ మీద కాంక్రీటు మందం ఎంత ముఖ్యమో ఒక లెక్క చెబుతుంది. ఈ వాయువు చొచ్చుకుపోయే లోతు కాలంతో సమానంగా పెరగదు, కాలపు వర్గమూలంతో పెరుగుతుంది. ఒక కాంక్రీటులో పది మిల్లీమీటర్ల లోతును చేరడానికి పదేళ్లు పడితే, ఇరవై మిల్లీమీటర్లను చేరడానికి నలభై ఏళ్లు పడుతుంది. మందం రెట్టింపైతే ఆయువు నాలుగింతలు. స్లాబు పోసే రోజున కడ్డీల కింద సరైన కవర్ బ్లాకులు పెట్టించడం కంటే చౌకైన రక్షణ లేదు. ఆ రోజు గడిచిన పాత ఇళ్లలో, ఇనుము వరకు నీటిని చేరనివ్వకపోవడమే మిగిలిన మార్గం.

ఈ జాగ్రత్తలు తెలుగువారికి కొత్తవి కావు. బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామంది మూలాలు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు సీమలలో ఉన్నాయి. ఆ పల్లెలలోని మట్టి మిద్దెలు ఈ పాఠాన్ని తరతరాలుగా చెప్పాయి. వాన కాలానికి ముందు ఊరి చేరువ చౌడు నేల నుంచి మన్ను తెచ్చి మిద్దె మీద పరిచేవారు. పైరుకు పనికిరాని ఆ మన్ను కప్పుకు పనికొచ్చేది, అదీ ఒకే కారణం చేత. సోడియం లవణాలు ఎక్కువగా ఉన్న చౌడు తడవగానే అందులోని సన్నని బంక రేణువులు విడిపోయి సందులను పూడ్చివేస్తాయి. నీరు అడుగుకు దిగక మీదనే జారిపోతుంది. దాని వెనుక ఒక నియమమున్నది. ప్రతి ఏడూ మిద్దె ఎక్కి చూడడం, గుంటలు పూడ్చడం, నీరు పోయే గొట్టాన్ని శుభ్రం చేయడం. మిద్దె ఒకసారి కట్టి మరచిపోయే వస్తువని ఆ పెద్దలు ఏనాడూ అనుకోలేదు.

బెంగళూరు పాత బంగళాలలో నేటికీ కనిపించే మద్రాసు టెర్రసులదీ అదే తెలివి. టేకు దూలాల మీద సన్నని ఇటుకలను సున్నంతో నిలువుగా పేర్చి, పైన ఇటుక జల్లి కలిపిన సున్నపు గచ్చు పరిచి, బెల్లమూ కరక్కాయా నానిన నీటిని చల్లుతూ చెక్క దిమ్మెలతో రోజుల తరబడి కొట్టేవారు. దాని మీద పలుచని పెంకులు, అన్నిటికీ వాలు. సున్నపు గచ్చు కొంచెం తడిని పీల్చినా ఎండ రాగానే ఆవిరిగా విడిచేది. సన్నని పగుళ్లు పడినా సున్నమే కరిగి, తిరిగి గట్టిపడి, కొన్నిటిని తానే పూడ్చుకునేది.

ఇటుక పొడికి, సున్నానికి ఉన్న ఈ పొత్తు ఇళ్లకే పరిమితం కాలేదు. 1911లో పని మొదలైన కృష్ణరాజసాగర ఆనకట్టను కట్టినది ఈ సుర్కీ గచ్చుతోనే. ఆ నిర్మాణానికి సారథి మోక్షగుండం విశ్వేశ్వరయ్య. నంది కొండల చేరువలోని ముద్దెనహళ్లిలో పుట్టిన ఆయన పూర్వీకులది ఆంధ్రదేశంలోని మోక్షగుండం గ్రామం. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదు రక్షణకు ఉపాయం చెప్పినదీ ఆయనే. నీటిని ఎదిరించి గెలవడం కంటే దానికి దారి చూపి నడిపించడం మేలన్నది జలాశయానికి ఎంత నిజమో, ముప్పై అడుగుల డాబాకూ అంతే నిజం.

ఇప్పుడు పని క్రమానికి రావాలి. బెంగళూరులో వాన ఏప్రిల్, మే నెలల ఉరుముల జల్లులతో మొదలై, సెప్టెంబరు, అక్టోబరులలో ఉచ్చస్థితికి చేరుతుంది. 2022 సెప్టెంబరు 5న ముగిసిన ఒక్క రోజులో 131.6 మిల్లీమీటర్లు కురిసి నగరపు తూర్పు భాగంలో వీధులు చెరువులయ్యాయి. 2024 జూన్ 2న 111 మిల్లీమీటర్లు కురిసింది. జూన్ నెలలో ఒక రోజుకు అంతకు మునుపు ఎన్నడూ అంత వాన నమోదు కాలేదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన ఒక లీటరు నీటితో సమానం. ఆ లెక్కన 1200 చదరపు అడుగుల డాబా మీద ఆ రోజు పడినది పన్నెండు వేల లీటర్లకు పైగా, అంటే ఒక పెద్ద ట్యాంకరెడు. అంత నీరు కొద్ది గంటలలో దిగిపోవాలి. దిగకపోతే అది దారి వెతుక్కుంటుంది.

అందువల్ల డిసెంబరులో వానలు వెనుకపట్టగానే డాబా ఎక్కి చూడాలి. మరకలు అప్పుడు తాజాగా ఉంటాయి, నీరు నిలిచిన చోట పాచి నల్లని వలయాలుగా కనిపిస్తుంది. ఆ వలయాలను సుద్దముక్కతో గుర్తించుకోవాలి. నూరడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఉండడం మంచిది. అంటే పది అడుగులకు ఒక అంగుళానికి కొంచెం పైగా. వాలు లేని చోట మొదటి పని వాలు కట్టించడమే గాని లేపనం కాదు. నీరు పోయే రంధ్రం చుట్టుపక్కల కంటే లోతుగా ఉండాలి. చాలా ఇళ్లలో గొట్టం మూతి స్లాబు కంటే ఎత్తున ఉండి, ఎప్పుడూ ఒక అంగుళం నీటిని కాపలా కాస్తుంది.

తర్వాత తుప్పు పరీక్ష. ఇంటి లోపలి నుంచి పైకప్పును, ఛజ్జా అడుగు భాగాన్ని చిన్న సుత్తితో మెల్లగా తట్టాలి. గట్టి కాంక్రీటు గణగణమంటుంది, విడిపోయిన పొర డొల్లగా పలుకుతుంది. కడ్డీల వరుసనే సాగిన పగులు, దాని వెంట ఎర్రని చార కనిపిస్తే అది తుప్పు పట్టిన గుర్తు. ఆ స్థితిలో పైన పూత పూసి ఊరుకోవడం ప్రమాదకరం. మరక ఆగుతుంది, తుప్పు ఆగదు. పైగా హెచ్చరిక కనబడకుండా పోతుంది. డొల్ల భాగాన్ని కొట్టివేసి, కడ్డీని మెరిసేదాకా రుద్ది, తుప్పును నిరోధించే పూత వేసి, పాలిమర్ కలిపిన గారతో పూడ్చాలి. కడ్డీ బాగా సన్నబడి ఉంటే మేస్త్రీ మాట చాలదు, నిర్మాణ ఇంజనీరు వచ్చి చూడాలి.

పగుళ్ల పని జనవరిలో చేయవచ్చు. వెంట్రుకవాసి బీటను అలాగే వదలి పైన పూయరాదు. దానిని ఉలితో కొంచెం వెడల్పు చేసి, దుమ్ము ఊది, సాగే గుణమున్న పదార్థంతో నింపాలి. కదిలే పగులును కదలని సిమెంటుతో నింపితే మరుసటి ఎండకాలంలో దాని పక్కనే కొత్త పగులు పుడుతుంది. స్లాబూ పిట్టగోడా కలిసే సంధిని నిటారు మూలగా ఉంచక, గారతో ఏటవాలుగా నింపి, దాని మీద వల గుడ్డ పరిచి పూత వేస్తే ఆ సంధి చాలాకాలం నిలుస్తుంది. పూత పిట్టగోడ మీదికి కనీసం ఒక అడుగు ఎక్కాలి. పిట్టగోడ నెత్తిని మరచిపోవడం సర్వసాధారణం. అక్కడ ఇంకిన నీరే గోడ వెంట దిగి గదిలోకి వస్తుంది, యజమాని మాత్రం స్లాబును నిందిస్తుంటాడు.

ఆ పైన శుభ్రత, ఆరుదల. పాచి, పిండిపొర, పాత పెచ్చులు పూర్తిగా పోవాలి. కడిగిన తర్వాత ఎన్నాళ్లు ఆరాలి అన్న ప్రశ్నకు ఒక సులువైన పరీక్ష ఉన్నది. మూరెడు చదరపు పలుచని ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో స్లాబుకు అంటించి ఒక రాత్రి, మరో పూట వదలాలి. విప్పినప్పుడు కాగితం లోపల నీటి ముత్యాలు గాని, అడుగున నల్లని తడి గాని కనిపిస్తే స్లాబు ఇంకా ఆరలేదు. ఆ తడి మీద పూత వేస్తే ఎండకు లోపలి నీరు ఆవిరై బొబ్బలు లేపుతుంది. కొత్తగా వేసిన స్లాబైతే 28 రోజులైనా ఆగడం మంచిది. పూయడానికి మిట్టమధ్యాహ్నం తగినది కాదు. వేడెక్కుతున్న కాంక్రీటు గాలిని బయటికి తోస్తుంది. చల్లబడుతున్న కాంక్రీటు మందును లోపలికి పీలుస్తుంది. ఎండ తగ్గిన సాయంత్రం ఇందుకు అనువైన వేళ.

ఇప్పుడు మాత్రమే డబ్బా సంగతి. అంగడిలోని పేర్లు నూరు, రకాలు ప్రధానంగా మూడు.

మొదటిది పైన పొరగా ఏర్పడేది. యాక్రిలిక్, పాలియురథేన్ వంటివి ఈ తెగలోనివి. సాగే గుణమున్నవి సన్నని పగుళ్ల మీద వంతెనలా నిలుస్తాయి. తెల్లనివి ఎండను తిప్పికొట్టి స్లాబు కదలికను కూడా తగ్గిస్తాయి. నడక ఉన్న డాబాకు వీటి మీద పెంకులో, గచ్చో రక్షణగా కావాలి. ఎపాక్సీ పూతలు గట్టివే గాని నేరుగా ఎండ తగిలే చోట సుద్దలా రాలుతాయి. అవి లోపలి నేలలకు తగినవి.

రెండవది కాంక్రీటు లోపలికి ఇంకేది. సైలేన్, సైలోక్సేన్ అనే పేర్లు డబ్బా మీద కనిపిస్తాయి. ఇవి రంధ్రాలను పూడ్చవు, వాటి గోడలకు నీరు అంటకుండా చేస్తాయి. తామరాకు మీద నీరు ఎట్లా నిలవదో అట్లా. ఆవిరి బయటికి పోతుంది, వాన చినుకు లోపలికి రాదు, కాంక్రీటు రూపమూ మారదు. ఛజ్జాలకు, పిట్టగోడలకు, పూతలేని కాంక్రీటు గోడలకు ఇవి శ్రేష్ఠం. బన్నేరుఘట్ట రోడ్డులో బాలకృష్ణ దోషి రూపకల్పన చేసిన ఐఐఎం భవనాలవలె రాతినీ కాంక్రీటునూ ఉన్నవి ఉన్నట్టే చూపదలచిన కట్టడాలకు పొరగా ఏర్పడే లేపనం నప్పదు. కాని ఇంకే మందు పగులును మూయలేదు, నిలిచిన నీటి ఒత్తిడికి ఆగలేదు. వాలు లేని డాబాకు దీనిని పూసి ప్రయోజనం ఆశించరాదు.

మూడవది సిమెంటుతో కలిసి పనిచేసేది. పొడి, పాలిమర్ ద్రవం రెండు పాత్రలలో వస్తాయి. నీటి తొట్లకు, సంపులకు, స్నానాల గదుల అడుగుకు ఇవి తగినవి. కొంచెం చెమ్మ ఉన్న తలం మీదనే వీటిని పూస్తారు. తాగే నీటి తొట్టికైతే అందుకు యోగ్యమని డబ్బా మీద స్పష్టంగా ఉన్నదానినే ఎంచుకోవాలి.

పని ముగిసి పూత పూర్తిగా గట్టిపడిన తర్వాత రంధ్రాలను మూసి, ఒక అంగుళం నీరు నిలిపి 24 గంటలు చూడాలి. కింద మరక రాకపోతేనే కూలి లెక్క ముగించాలి. ఒక అంగుళం నీరు చదరపు మీటరుకు 25 కిలోల బరువు. తుప్పు పట్టిన, వంగిన పాత స్లాబు మీద ఇంజనీరు అనుమతి లేక ఈ పరీక్ష చేయరాదు.

డాబా నుంచి దిగే నీరు పారబోయవలసినది కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2009 నాటి చట్ట సవరణతో బెంగళూరు జలమండలి వాన నీటి సేకరణను తప్పనిసరి చేసింది. 2400 చదరపు అడుగులు, అంతకు మించిన స్థలాలలోని పాత ఇళ్లకు, 1200 చదరపు అడుగులు, అంతకు మించిన స్థలాలలో కట్టే కొత్త ఇళ్లకు అది వర్తిస్తుంది. జయనగరలో విశ్వేశ్వరయ్య పేరిట ఉన్న వాన నీటి ఉద్యానంలో ఈ పద్ధతులను పౌరులు స్వయంగా చూడవచ్చు. నీటిని పట్టుకునే డాబాకు తారు వంటి పూతలు తగవు. కొత్త పూత వేసిన ఏడు మొదటి కొన్ని వానల నీటిని సంపులోకి పోనివ్వకుండా వదలివేయడం మంచిది.

చివరిగా, ఖర్చు ఎవరిది అన్న ప్రశ్న. అపార్ట్‌మెంట్లలో చెమ్మ కనిపించేది పై అంతస్తు ఇంట్లో. సంఘం సమావేశంలో ఆ ఒక్కరే మాట్లాడతారు, మిగిలినవారు గడియారం చూస్తారు. కర్ణాటక అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం, 1972, పైకప్పును ఉమ్మడి ఆస్తులలో లెక్కించింది. ఆ చట్టం కింద నమోదైన భవనంలో, ప్రకటన పత్రంలో వేరుగా రాసి ఉంటే తప్ప, డాబా అందరిదీ. న్యాయం మాట అటుంచినా, లెక్క అదే చెబుతుంది. స్లాబులో మొదలైన తుప్పు అక్కడితో ఆగదు. దూలానికి, స్తంభానికి దిగుతుంది. స్తంభం మీద కింది అంతస్తువారూ నిలిచి ఉన్నారు. పై ఇంటివారి మరకను నేడు పంచుకోనివారు, రేపు భవనం బలహీనతను పంచుకోక తప్పదు.

పని చేసేవారి ప్రాణం కూడా ఈ లెక్కలో చేరాలి. పిట్టగోడ లేని అంచున పనివారికి తాడు, నడుము పట్టీ ఇవ్వడం యజమాని బాధ్యత. నీటి తొట్టిలోనో సంపులోనో పూత వేసేటప్పుడు గాలి ఆడే ఏర్పాటు లేకుండా, పైన ఒక మనిషి కాపలా లేకుండా ఎవరినీ లోపలికి దింపరాదు. మూసిన చోట మందుల ఆవిరి మనిషిని క్షణాలలో పడగొడుతుంది.

డిసెంబరులో చూపు, జనవరిలో పగులు, ఫిబ్రవరి మార్చిలలో పూత. ఈ మూడు పూర్తయిన ఇంటికి ఏప్రిల్ ఉరుము భయం కాదు. ఆ తర్వాత మిగిలేది చిన్న పని. ఫిబ్రవరి, మార్చిలలో నగరపు చెట్లు ఆకు రాల్చినప్పుడు, మళ్లీ సెప్టెంబరు రాకముందు, నీటి రంధ్రాలలో పేరుకున్న ఆకును తీసివేయడం. దానికి మేస్త్రీ అక్కరలేదు, డబ్బా అక్కరలేదు. ఇంట్లో ఎవరో ఒకరు చేతితో తీయవచ్చు.

ఉగాదికి ఇల్లు కడిగి, గడపకు పసుపు పూసి, మామిడాకు కట్టడం తెలుగువారి ఆచారం, కన్నడిగుల ఆచారం. రాయలసీమ పెద్దలు మిద్దెకెక్కి కొత్త చౌడు పరిచినది కూడా ఆ ఎండల రోజులలోనే. తోరణం కట్టడానికి నిచ్చెన ఎలాగూ బయటికి వస్తుంది. అదే నిచ్చెనతో ఒకసారి డాబా ఎక్కి, నాలుగు మూలలూ చూసి దిగితే, ఆ ఏడు వాన ఆ ఇంటికి బెడదగా కాక సంపులోకి నీరుగా వస్తుంది.